నలభై ఆరు మెట్లు

9వ తేదీ, బుధవారం

కోడలి డ్యూటీ చీటీ వచ్చింది. పండగ అయిదు రోజులూ, అంటే 15 నుంచి 19 వరకు, మధ్యాహ్నం రెండు నుంచి తొమ్మిది దాకా ఆస్పత్రిలోనే. పండగల్లో నర్సులకు సెలవు ఇవ్వరట. మావాడికి బస్సు డిపోలో అదనపు ట్రిప్పులు. కనక ఆ అయిదు సాయంత్రాలూ ఇంట్లో నేను, బఠాణీ. మనవరాలికి స్కూలు రిజిస్టరులో మంచి పేరే ఉంది. ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ళుగా బఠాణీయే.

"మీకు ఇబ్బందేం లేదుగా అత్తయ్యా?" అంది కోడలు.

"మోకాలు నొప్పి," అన్నాను.

"అది మీ మోకాలెక్కి కూర్చునే వయసు దాటిపోయిందిలెండి," అని చీటీ ఫ్రిజ్ మీద అంటించి పోయింది.

సాయంత్రం 5.10కి వీధి మూల మీద ఈ ఏటి మొదటి టపాకాయ పేలింది. నా చేతిలో టీ ఒలికింది. ఈ కప్పు పిడి నునుపు, మార్చాలి.

ఆ రోజు గురించి కొత్తగా రాయవలసింది ఏమీ లేదు. ఎనిమిది నెలల కిందట, సాయంత్రం 5.25కి, మా మేడ కింద వెల్డింగు షాపులో సిలిండరు పేలింది. మా కిటికీ అద్దాలు రాలాయి. నేను సాయం కోసం కిందికి వెళ్ళాను. బఠాణీ ఒంటి మీద గీత కూడా పడలేదు. అంతే.

నేటినుంచి చప్పుళ్ళకు ఈ డైరీ చివర ఒక పేజీ కేటాయించాను. సమయం, చోటు, తీవ్రత. దేనికైనా ఒక లెక్క ఉంటే భయపడనక్కరలేదు. నేనేమీ భయపడడం లేదు.

10వ తేదీ, గురువారం

చప్పుళ్ళు: 4. దగ్గరివి లేవు.

మావాణ్ణి ఒక్క రోజైనా సెలవు పెట్టమన్నాను.

"పండగనాడు బస్సు డ్రైవరు సెలవడిగితే, పెళ్ళినాడు పెళ్ళికొడుకు సెలవడిగినట్టుంటుందే అమ్మా."

"అయితే పిల్లని మీ అత్తగారింటికి పంపండి. అయిదు రోజులు."

"ఆరు గంటల ప్రయాణం. అయినా ఎందుకు? హెడ్డమ్మ దగ్గరున్న పిల్లకి ఏమవుతుంది?"

నేను హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయి తొమ్మిదేళ్ళయింది. వాడికి ఇంకా ఆ మాట మీద మోజు తీరలేదు. పక్కన బట్టలు మడతపెడుతున్న కోడలు తలెత్తకుండానే అంది: "మీ దగ్గరుంటే నాకు నిశ్చింత అత్తయ్యా."

నిశ్చింత. మూడక్షరాలు. అన్నం తింటున్నప్పుడూ అదే, మందు వేసుకుంటున్నప్పుడూ అదే.

11వ తేదీ, శుక్రవారం

చప్పుళ్ళు: 9. కిటికీలన్నీ నాలుగింటికే మూశాను. ఉక్కగా ఉందని బఠాణీ అంటే, దోమలు అన్నాను. కింది అంతస్తు వాళ్ళకే లేని దోమలు మనకెక్కడివి, అంది. ఎదురు మాట్లాడినందుకు రెండు లెక్కలు ఎక్కువ ఇచ్చాను.

12వ తేదీ, శనివారం

కుర్రాళ్ళు మా గేటు దగ్గరే టపాకాయలు పెడుతున్నారు. వాళ్ళు వెల్డింగాయన మాట వింటారు కనక, చెప్పించాలని పదకొండింటికి కిందికి దిగాను. షాపుకు కొత్త షట్టరు వచ్చింది, కొత్త రంగు వచ్చింది. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలిన మచ్చ, ఎడమ చెవికి వినికిడి పోయింది. అవి మాత్రం పాతవే.

"కూర్చోండి టీచరుగారూ. ఇటు వైపు. అటు కూర్చుంటే మీరు నన్ను తిట్టినా తెలీదు."

"నేనెందుకు తిడతాను?"

"మా ఆవిడ రోజూ అటే కూర్చుంటుంది. కాపురం బ్రహ్మాండంగా ఉంది."

నాకు నవ్వు వచ్చింది. సంగతి చెప్పాను. కుర్రాళ్ళు ఎలాగూ ఆపరనీ, గేటు వదిలి మూల మీదికి పొమ్మని మాత్రం చెబుతాననీ అన్నాడు.

"మరి మీరెలా ఉంటున్నారు ఈ మోతలో?"

"ఏముంది, మొదలవగానే షట్టరు దించుకుని లోపల రేడియో పెట్టుకుంటా. ఈసారి పండగ నాకు సగమే వినబడుతుంది. ఆ సగమే ఎక్కువైపోతోంది. ముప్ఫయ్యేళ్ళు నిప్పుతో పనిచేసినవాణ్ణి, అగ్గిపుల్ల గీస్తే ఉలిక్కిపడుతున్నా. సిగ్గుపడి ఏం చేస్తాం?"

ఎప్పుడూ అందరితో అనే మాటే ఆయనతోనూ అన్నాను. ఆ రోజు సాయం కోసమే దిగాను, మీకేమీ చేయలేకపోయాను, అని.

ఆయన బాగున్న చెవిని నా వైపు తిప్పాడు. ఆ మాట మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

"మీరు నా పక్కనించే వెళ్ళారు టీచరుగారూ. నేను గుమ్మంలో పడి ఉన్నా. చెయ్యెత్తాను. మీకు కనబళ్ళేదు."

అందులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికి వెళ్ళిందో చెబుతున్నట్టు చెప్పాడు. నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు: "అంత ఇదైపోకండి. నేనూ లేచి పరుగెత్తాలనే చూశా, కాళ్ళు రాలేదు. వచ్చుంటే మిమ్మల్ని దాటిపోయేవాణ్ణి."

టీ తెప్పించి ఇచ్చాడు. తాగి వచ్చాను.

ఇంటికొచ్చి ఈ ఎనిమిది నెలల పేజీలూ తిరగేశాను. "సాయం కోసం కిందికి వెళ్ళాను" అన్న వాక్యం ఇరవై మూడు చోట్ల ఉంది. మాటల క్రమం కూడా మారలేదు. పిల్లలు కాపీ కొట్టినప్పుడు నేను పట్టుకునేది ఇలాగే. నిజం రాసేవాడు ఇరవై మూడుసార్లు ఒకేలా రాయడు.

కాబట్టి, ఒక్కసారి.

వెళ్ళలేదు. పరుగెత్తాను.

మా ఇంట్లో నియమం ఒకటి. సాయంత్రం పది లెక్కలు చేసి, వాటికి నేను టిక్కు పెట్టేదాకా బఠాణీ బల్ల దగ్గరనుంచి లేవకూడదు. నీళ్ళకైనా సరే. ఆ రోజు అది ఏడో లెక్కలో ఉంది, నేను ఎదురుగా కూర్చున్నాను. పేలింది. ఆ తర్వాత నాకు తెలిసింది పోస్టాఫీసు మూలన ఉన్న సిమెంటు బల్ల. మధ్యలో నలభై ఆరు మెట్లు ఉన్నాయి, వీధి ఉంది, గుమ్మంలో చెయ్యెత్తిన మనిషి ఉన్నాడు. నా కాళ్ళకు చెప్పులు లేవు. ఎవరినీ పిలవలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బఠాణీ అనే పిల్ల ఒకతె ఉన్నదన్న సంగతి నాకు ఆరు గంటలకు గుర్తొచ్చింది. పోస్టాఫీసు గడియారం చూశాను కాబట్టి తెలుసు. ముప్ఫై అయిదు నిమిషాలు.

ఎదురింటి దర్జీ ఆవిడ మా తలుపు తీసి చూస్తే, గదినిండా గాజుపెంకులు, బల్ల దగ్గర బఠాణీ పదో లెక్క చేస్తోందట. లే తల్లీ అంటే, "నాన్నమ్మ టిక్కు పెట్టలేదు" అందట. ఆవిడ మెడలో ఉన్న టేపు పక్కకు తోసి, జేబులోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసి, పుస్తకం మీద పేద్ద టిక్కు పెట్టి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. మేడంతా ఇది బఠాణీ క్రమశిక్షణ గురించిన ముచ్చటగా చెప్పుకుంటారు. నా గురించి చెప్పుకోరు.

మర్నాడు ఆ నీలం సుద్ద గీతను తుడిచి, దాని మీద ఎర్ర సిరాతో నా టిక్కు పెట్టాను. కింద తేదీ కూడా వేశాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క దొంగ సంతకం అదే.

ఇంక మూడు రోజుల్లో పండగ. నేను మళ్ళీ పరుగెత్తితే?

13వ తేదీ, ఆదివారం

వాన. చప్పుళ్ళు: 0. వానకు నా కృతజ్ఞతలు.

దర్జీ ఆవిడ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ మిషను ఆపకుండానే కుర్చీ చూపించింది. ఆర్డర్లు కొండలా ఉన్నాయి.

"ఆ రోజు మా బఠాణీ పుస్తకంలో టిక్కు పెట్టింది మీరు," అన్నాను.

మిషను ఆగింది. "అయ్యో, తప్పులున్నాయా? నాకు లెక్కలు రావు టీచరుగారూ. కళ్ళు మూసుకుని పెట్టేశా."

"ఎనిమిదోది తప్పు."

"అయితే నన్ను బెంచీ ఎక్కించండి."

చెప్పదలచుకున్నది అది కాదు. ధన్యవాదాలు చెప్పడం నాకు అలవాటు లేని విద్య, మార్కులు వేయడం తెలుసు. "మీకు పదికి పది," అన్నాను. "నేను సర్వీసులో ఎవరికీ వేయలేదు. కాపీ చేస్తే తప్ప రావు అవి."

ఆవిడ మిషనులోంచి గుడ్డ లాగి దారం తెంపింది. "పండగ సాయంత్రాలు తలుపు గడియ పెట్టను," అంది. "మిషను మోతలో బయటి మోత వినబడదు. ఇద్దరూ వచ్చి కూర్చోవచ్చు." నేను అడగలేదు. అడగకుండా ఇచ్చేవాళ్ళకు ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియదు.

14వ తేదీ, సోమవారం

కోడలు ఉదయం కూరగాయలు తరుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. నిజం చెప్పాలని వెళ్ళి, ఇది చెప్పాను:

"మా స్కూల్లో ఒక టీచరు ఉండేది. ఒకసారి పెద్ద శబ్దం వస్తే క్లాసు వదిలేసి పరుగెత్తింది. మంచి టీచరే. అది జబ్బంటావా, బుద్ధి తక్కువ అంటావా?"

కోడలు బంగాళాదుంప చెక్కు తీస్తూనే ఉంది. "మా వార్డులో చూస్తుంటాం అత్తయ్యా. ఒళ్ళు ముందు పరుగెడుతుంది. మనిషి తర్వాత వెళ్ళి దాన్ని వెతికి తెచ్చుకోవాలి. తెచ్చుకోవడానికి కొందరికి అరగంట, కొందరికి ఏళ్ళు."

"ఓహో."

"ఆ టీచరుకి ఇప్పుడెలా ఉంది?"

"పర్వాలేదు."

"నిద్ర పడుతోందా ఆవిడకి?"

"అంతంత మాత్రం."

"నాలుగింటికే కిటికీలన్నీ మూసేస్తే ఎవరికైనా ఊపిరాడదు. ఒకటి తెరిచి ఉంచుకోమని చెప్పండి," అని దుంపలు కడగడానికి లేచింది.

15వ తేదీ, మంగళవారం. పండగ మొదటి రోజు

మూడు గంటలకు బఠాణీని కూర్చోబెట్టుకున్నాను. కిటికీ ఒకటి తెరిచే ఉంచాను.

"నియమం మారింది. పెద్ద చప్పుడు వస్తే టిక్కు కోసం ఆగకూడదు. లేచి దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళాలి."

"పది పూర్తి కాకపోయినా?"

"కాకపోయినా."

"ఆరే అయినా?"

"ఒక్కటీ కాకపోయినా."

బఠాణీ ప్రభుత్వమే మారినట్టు కళ్ళు పెద్దవి చేసింది. "మరి నువ్వు?"

నా దగ్గర సిద్ధంగా ఇరవై నాలుగో వాక్యం ఉంది. అది అనలేదు. "నేను పరుగెత్తి పోవచ్చు. పోయినసారి అదే చేశాను. నిన్ను వదిలేసి పరుగెత్తాను. సాయానికి కాదు."

"తెలుసుగా," అంది.

"ఎలా తెలుసు?"

"నేను నీ ఎదురుగానే ఉన్నా కదా నాన్నమ్మా." పెన్సిలు చెక్కుకుంటోంది. "కుర్చీ పడేసి మరీ పరిగెత్తావు. నేనే లేపి పెట్టా దాన్ని."

అవును. నేను తిరిగొచ్చేసరికి కుర్చీ సరిగ్గానే ఉంది. ఈ ఎనిమిది నెలల్లో ఆ సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

6.20కి గేటు దగ్గర కాదు, మూల మీదే, టపాకాయల దండ ఒకటి పేలింది. పరుగెత్తాను. తెలివి వచ్చేసరికి మెట్ల మలుపు దగ్గర గోడకు అరచేతులు ఆనించి ఉన్నాను. వెనక్కి తిరిగి ఎక్కుతూ లెక్కపెట్టాను: పదకొండు.

దర్జీ ఆవిడ గుమ్మంలో బఠాణీ పుస్తకంతో నిలబడి ఉంది.

"ఈసారి తొందరగానే వచ్చేశావే," అంది.

వెనకనుంచి దర్జీ ఆవిడ: "మీ మనవరాలొచ్చి, నాన్నమ్మ పరుగుకెళ్ళింది, ఇప్పుడే వస్తుంది అని చెప్పిందండీ. ఏదో మార్కెట్టుకి వెళ్ళినట్టు."

నలభై ఆరుకు పదకొండు. సుమారు ఇరవై నాలుగు శాతం. ఇది పాసు మార్కు కాదు. కాని పోయినసారి కంటే నయమని రాయవచ్చు.

16వ తేదీ, బుధవారం

కోడలు డ్యూటీకి తయారవుతుంటే చెప్పాను. స్కూలు టీచరు కథ లేకుండా, నా పేరు మీదే, పోస్టాఫీసు బల్ల దాకా అంతా చెప్పాను. నిలబడే చెప్పాను.

"తెలుసు అత్తయ్యా. ఆ రోజే బఠాణీ చెప్పింది."

"తెలిసీ మర్నాటినుంచి ప్రతి సాయంత్రం పిల్లని నా దగ్గరే వదిలి వెళ్ళావా?"

"మర్నాటినుంచి కాదు. వారం రోజులు సెలవు పెట్టాను, మర్చిపోయారు. అప్పుడు మీ మీద చాలా కోపంగా ఉంది నాకు. రెండు నెలలు మీతో సరిగా మాట్లాడలేదు. మీరు గమనించలేదు."

లోపలికి వెళ్ళి అప్పటి పేజీలు చూశాను. నాలుగు చోట్ల రాసి ఉంది: "కోడలికి ఈమధ్య నిద్ర చాలడం లేదు, ముభావంగా ఉంటోంది." మళ్ళీ వచ్చి ఆ మాట చెప్పాను. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి తర్వాత?"

"తర్వాత లెక్క వేసుకున్నాను. మీరు నేర్పిన లెక్కలు కావులెండి, నావి. మీరు పారిపోయింది అరగంట. దానికి టైఫాయిడ్ వచ్చినప్పుడు పంతొమ్మిది రోజులు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నదెవరు? నేను డ్యూటీలు చేసుకున్నదీ, ఆయన బస్సు నడిపిందీ ఎవరి బలం చూసుకుని? అరగంట తీసేస్తే చాలా మిగిలింది."

వాళ్ళ పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ అమ్మాయికి నేను చీర మడత బాగుందని కూడా చెప్పలేదు. కూరలో ఉప్పు ఎక్కువైన రోజులకు మాత్రం లెక్క ఉంది.

"నాకు భయంగా ఉంది," అన్నాను. "ఇంకా నాలుగు సాయంత్రాలు ఉన్నాయి. నువ్వు సెలవు పెడితే..."

"ఇవ్వరు అత్తయ్యా." చెప్పులు వేసుకుంటూ, "ఇచ్చినా పెట్టను," అంది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం 7.05, ఒకటి. నాలుగు మెట్లు.

17వ తేదీ, గురువారం

పద్నాలుగు మెట్లు. తగ్గుతుందనుకున్నాను. ఎర్ర సిరాతోనే రాశాను.

బఠాణీ అప్పటికే దర్జీ ఆవిడ దగ్గర గుండీలు రంగులవారీగా వేరు చేస్తోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది. వెల్డింగాయన కూడా రేడియోతో సహా అక్కడే ఉన్నాడు. కింద షట్టరు వేస్తే మరీ ఉడికిపోతున్నాడట. చెడ్డ చెవిని కిటికీ వైపుకు పెట్టి, మంచి చెవిని మిషను వైపుకు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్ని మెట్లు టీచరుగారూ?"

"పద్నాలుగు."

"నేను రెండు అంతస్తులు ఎక్కొచ్చా. మీరు దిగారు, నేనెక్కాను. మధ్యలో కలిశాం."

18వ తేదీ, శుక్రవారం

కుర్చీలోంచి లేచాను. తలుపు దాకా వెళ్ళాను. దాటలేదు.

మావాడు రెండు ట్రిప్పుల మధ్య పది నిమిషాలు ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాడు. కోడలు వాడికి చెప్పినట్టుంది. హెడ్డమ్మ అనలేదు. అమ్మా, వెళ్ళొస్తా అన్నాడు.

19వ తేదీ, శనివారం. చివరి రోజు

చప్పుళ్ళు లెక్కపెట్టలేదు. లెక్కకు అందేవి కావు.

దర్జీ ఆవిడ పూర్తయిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. ఏడింటికల్లా వస్తానంది. తలుపు తెరిచే ఉంచి వెళ్ళింది. నేను, బఠాణీ మా బల్ల దగ్గర ఉన్నాం. ఆరో లెక్క, కూడిక తప్పు పోతోంది, చూపించడానికి దాని పక్కకు వెళ్ళి వంగాను. 6.48.

ఎక్కడ పేలిందో తెలియదు. సందులోనే అయి ఉండాలి. కిటికీ అద్దం ఝల్లుమని మోగింది.

మెట్లు గుర్తు లేవు. వీధి గుర్తు లేదు. అంతా పోయినసారి లాగే. పోస్టాఫీసు మూల, సిమెంటు బల్ల. చెప్పులు లేవు. ముందుగా గుర్తొచ్చింది బఠాణీయే. కాదు, మళ్ళీ కాదు అనుకుని లేవబోయాను. లేవలేకపోయాను, నా కుడిచెయ్యి దేనికో చిక్కుకుని ఉంది.

"వదులు నాన్నమ్మా, నొప్పి," అంది బఠాణీ.

నా పక్కనే కూర్చుని ఉంది. రెండో చేతిలో పెన్సిలు ఇంకా ఉంది. వగరుస్తోంది.

"నువ్వెలా వచ్చావు?"

"నేనెక్కడొచ్చాను? నువ్వు లాక్కొచ్చావు. నలభై ఆరు మెట్లూ లాక్కొచ్చావు. కాళ్ళు నేలకి ఆనితే ఒట్టు." కాస్త ఆలోచించి, "వెల్డింగు తాతయ్య చెయ్యెత్తాడు. నేను ఊపాను," అంది.

నా వేళ్ళు నేనే ఒక్కొక్కటిగా విప్పవలసి వచ్చింది. అవి వాటంతట అవి రాలేదు.

అక్కడే కూర్చున్నాం. ఇంకా పేలుతూనే ఉన్నాయి. ప్రతిసారీ ఇద్దరం ఉలిక్కిపడ్డాం. దానికి నవ్వు, నాకు వణుకు. ఏడున్నరకు, ఇంక ఇంటికి పోదామా, ఆరోది ఇంకా చెప్పలేదు నువ్వు, అంది.

దిగినవాళ్ళు ఇద్దరు. ఎక్కినవాళ్ళు ఇద్దరు.

20వ తేదీ, ఆదివారం

వీధినిండా కాగితపు ముక్కలు. ఊడుస్తున్నారు. చప్పుళ్ళ పేజీ మూసేశాను.

ఉదయం కోడలు బఠాణీకి జడ వేస్తూ దాని చెయ్యి చూసింది. మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు నాలుగూ కమిలి, నీలంగా తేలాయి. బొటనవేలిది లోపలి వైపు. నేను పేపరు పట్టుకుని చూస్తున్నాను. అంతా చెప్పాలని పేపరు పక్కన పెట్టాను.

కోడలు మందు తెచ్చి మెల్లగా రాసింది. వాటి మీద తన వేళ్ళు ఒక్కొక్కటిగా పెట్టి చూసుకుంది.

"గట్టిగానే పట్టుకున్నారే అత్తయ్యా," అంది.

అవునన్నాను.